ట్రయల్ రూమ్ అద్దం గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ బొటిక్ ట్రయల్ రూమ్ అద్దం గారి దివ్య సముఖానికి,

పాడేవాళ్లం, ఆడేవాళ్లం, వాయించేవాళ్లం, బొమ్మలు వేసేవాళ్లం, కెమెరా ముందు నిలబడి మాట్లాడేవాళ్లం అందరం కలిసి నమస్కరించి రాసుకుంటున్న విన్నపాలు. ఇక్కడ మేమంతా క్షేమం, చంకల కింద కుట్లు తప్ప. తమరు కూడా ఆ పసుపు బల్బుల వెలుగులో ఒంటిమీద ఒక్క మరకైనా లేకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాం.

మేం ఇంకో కొట్టు గుమ్మం తొక్కమని తమకి తెలుసు. అందుకే తమకింత ధీమా. ఏళ్ల తరబడి ఒకే భుజం మీద వాయిద్యం మోసినవాళ్లకి రెండు భుజాలూ ఒక ఎత్తున ఉండవు. రోజూ గంటలకొద్దీ ఆడే కాళ్లకి తొడ కొలతకీ నడుము కొలతకీ ఏ సైజు పట్టికలోనూ పొత్తు కుదరదు. పాడేవాళ్లకి ఊపిరి లోపలున్నప్పుడు ఒక కొలత, బయటికి వదిలాక ఇంకో కొలత. ఈ వంకరలన్నీ టైలరు మాస్టారి కొలతల పుస్తకంలో, ఆయనకి తప్ప ఇంకెవరికీ అర్థంకాని గీతల్లో భద్రంగా ఉన్నాయి. కొట్టు మారడమంటే ఆ పుస్తకాన్ని మళ్లీ మొదటి పేజీ నుంచి రాయించుకోవడమే. అంత ఓపికే ఉంటే ఇంకో వాయిద్యం నేర్చుకుంటాం.

మమ్మల్ని కట్టిపడేసింది ఆ పుస్తకం. పేరు మాత్రం తమరు కొట్టేశారు. ఎవరిని అడిగినా "అక్కడ వేసుకుని చూసుకుంటే ఎంత బావుంటుందో" అంటారు. చూపించేది తమరు కదా మరి! ఆ చూపించడం గురించే ఈ ఉత్తరం.

తమ వంశం గొప్పదే, కాదనం. గాజు వెనక వెండి పూత పూసే పద్ధతిని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1835లో కనిపెట్టాడు. ఆనాటి నుంచి మీ వాళ్లు ఉన్నదున్నట్టు చూపిస్తారని పేరు. తమరు మాత్రం గోడకి నిటారుగా నిలబడరు. కింది అంచు ఒక జానెడు ముందుకి, పై అంచు గోడకి ఆనించి ఒయ్యారంగా పడుకుంటారు. అలా ఉంటే మా పాదాల ప్రతిబింబం దగ్గరగా, తల కాస్త దూరంగా పడుతుంది. కాళ్లు సాగినట్టు, తల చిన్నదైనట్టు కనిపిస్తాయి. ఇంటికెళ్లి నిటారు అద్దంలో చూసుకుంటే ఆ కాళ్లు ఏమయ్యాయో తెలియదు. (నిలువెత్తు మనిషి పూర్తిగా కనపడడానికి నిటారుగా ఉన్న అద్దం మనిషి ఎత్తులో సగం ఉంటే చాలు. ఎంత దూరంలో నిలబడినా లెక్క అదే. తమరు ఏడడుగుల పొడుగు ఎందుకున్నారో మరి తమకే తెలియాలి.)

సరే, కాళ్ల సంగతి వదిలేద్దాం. మా అసలు ఫిర్యాదు వేరు. తమ ముందు ఎవరైనా ఏం చేస్తారు? చేతులు కిందికి వదిలి, పొట్ట లోపలికి పీల్చి, ఒక్క క్షణం కదలకుండా నిలబడతారు. ఆ ఒక్క క్షణానికి బట్ట అద్భుతంగా కుదురుతుంది. మా బతుకులో ఆ క్షణం ఇంకెప్పుడూ రాదు. ఆడేవాళ్ల చేయి పైకి లేస్తుంది, వాయించేవాళ్ల మోచేయి ముందుకొస్తుంది, పాడేవాళ్ల పక్కటెముకలు విచ్చుకుంటాయి. బొమ్మలు వేసేవాళ్లు ఎలా వంగుతారో వాళ్ల నడుముకే తెలుసు.

చంక సంగతే చూడండి. చేయి లేపగానే కోటు మొత్తం పైకి లేచి, లోపలి చొక్కా బయటపడి, కాలరు చెవులదాకా వస్తుంది. వెంటనే అందరూ అనేది ఒకటే మాట: "చంక బిగుతైంది, కాస్త కిందికి తవ్వండి." మాస్టారు తవ్వుతారు. ఈసారి ఇంకా ఎక్కువ లేస్తుంది. ఎందుకంటే చంక గుంట ఎంత కిందికుంటే చేయి లేచినప్పుడు పక్క కుట్టుని అంత లాక్కుని పోతుంది. గుంట చంకకి దగ్గరగా, ఎత్తుగా ఉండాలి. చేతి ముక్క పైభాగం మరీ గోపురంలా కాకుండా కాస్త పల్చగా, వెడల్పుగా కోయాలి. అప్పుడు చేయి ఒక్కటే లేస్తుంది, బట్ట ఉన్నచోటే ఉంటుంది. అప్పటికే తవ్వేసి ఉంటే చంక కింద మూడు నాలుగు అంగుళాల చదరపు ముక్కని మూలగా తిప్పి అతికించాలి. దాన్ని గస్సెట్ అంటారు. చేతులు దించి తమ ముందు నిలబడితే ఆ ముక్క దగ్గర చిన్న ముడత కనిపిస్తుంది. దాన్ని తమరు పెద్ద నేరంలా చూపిస్తారు. మేమూ సిగ్గుపడి తీయించేస్తాం. ఆ తర్వాత కార్యక్రమం మధ్యలో, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట, "పర్" మంటుంది.

కొలతలప్పుడు జరిగేది కూడా తమ సమక్షంలోనే. టేపు చుట్టగానే మాలో ప్రతి ఒక్కరూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారు. కళాకారుల నిజాయితీ అంతా కళలోనే ఖర్చైపోతుంది, టేపు దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు. పాడేవాళ్లయితే నిండా ఊపిరి పీల్చి, ఆపి, అప్పుడు ఛాతీ కొలత ఇవ్వాలి. వదిలాక తీసిన కొలతకీ దీనికీ రెండంగుళాల తేడా రావచ్చు. పై స్థాయిలో నిలబడాల్సిన చోట గొంతు కంటే ముందు హుక్కులు అలిసిపోయేది అందుకే. కూర్చుని వాయించేవాళ్లకి తుంటి కొలత కూర్చోబెట్టే తీయాలి. నిలబడినప్పటి కొలత కూర్చోగానే సరిపోదు. వీపు కొలత చేతులు ముందుకి చాచి, వాయించే భంగిమలోనే తీయాలి. ఈ మూడూ మాస్టారికి తెలుసు. ఆయన అడుగుతారు కూడా. ఆయన అడిగేసరికి మా చూపు తమ మీద ఉంటుంది.

ఇక ఘేరు గౌన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గిరగిరా తిరిగేవాళ్లంతా నిండు వలయం గౌనే కావాలంటారు. నడుము 28 అంగుళాలైతే దాన్ని 6.28తో, అంటే రెండు పైలతో, భాగిస్తే దాదాపు నాలుగున్నర. ఆ వ్యాసార్థంతో మధ్యలో గుండ్రంగా కోస్తారు. పొడవు 36 అంగుళాలనుకుంటే కింది అంచు చుట్టుకొలత 254 అంగుళాలు, అంటే ఏడు గజాల పైమాటే. ఆ ఏడు గజాల అంచూ సన్నగా మడిచి కుట్టాలి. "అంచు మడతేగా, సాయంత్రానికి ఇచ్చేయండి" అనేవాళ్లు ఒక్కసారి ఆ మెషీను ముందు కూర్చోవాలి. పైగా వలయంలో బట్ట కొన్నిచోట్ల పడుగు వెంట, కొన్నిచోట్ల పేక వెంట, మధ్యలో నాలుగుచోట్ల ఏటవాలుగా వేలాడుతుంది. ఏటవాలుగా, అంటే మాస్టారి భాషలో క్రాసులో, పడినచోట బట్ట తన బరువుకే సాగుతుంది. 1920లలో పారిస్‌లో మాదలీన్ వియొనే అనే ఆవిడ ఈ సాగుడునే నమ్ముకుని గౌన్లు కుట్టి పేరు తెచ్చుకుంది. మన దగ్గర అదే సాగుడు నాలుగు మూలలా నాలుగు తోకలై వేలాడుతుంది. మందు ఒకటే: నడుము పట్టీ వేశాక గౌనుని కనీసం ఒక పగలూ ఒక రాత్రీ హేంగరుకి వేలాడదీసి, సాగాల్సినంతా సాగనిచ్చి, వేసుకునే మనిషిని నిలబెట్టి, నేల నుంచి స్కేలు పెట్టి గుర్తులు గీసుకుని అప్పుడు కత్తిరించాలి. కార్యక్రమం రేపనగా ఇవాళ బట్ట తెచ్చేది మేమే. ఆ ఒక్క రోజు తినేసేది కూడా మేమే. ఇందులో తమ తప్పు లేదు. రాసేశాం కాబట్టి ఉండనిస్తున్నాం.

రంగు దగ్గరికి వద్దాం. అక్కడ మాత్రం తమని వదిలిపెట్టం. తమ తల మీద వెలిగే బల్బులు 2700 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) పసుపువి. ఆ వెలుగులో చర్మం నిగనిగలాడుతుంది, మెరూను కెంపులా ఉంటుంది, నీలం మాత్రం నలుపో నీలమో తేలదు. పైకోటూ ప్యాంటూ రెండు వేరు బట్టల్లో తీసుకుని ఒకే రంగని సంబరపడి వెళ్తే, వేదిక దీపాల కింద ఒకటి ఆకుపచ్చ వైపు, ఇంకోటి ఎరుపు వైపు విడిపోతాయి. వేరు వేరు అద్దకాలు ఒక వెలుగులో ఒకేలా ఉండి ఇంకో వెలుగులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు. చవక ఎల్‌ఈడీల కింద ఈ మోసం మరీ ఎక్కువ. తమ వెనక గోడకి ఉన్న గులాబీ రంగు ఇంకో మాయ. పారిస్ గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగం చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకి నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొచ్చేవి. పరీక్షిస్తే దారంలో లోపం లేదు, పక్కన నేసిన రంగు వల్ల అది అలా కనిపిస్తోందని తేలింది. పక్కపక్కన రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. గులాబీ గోడ ముందు మా లేత ఆకుపచ్చ అంత పచ్చగా ఎందుకు కనిపించిందో ఆ పుస్తకం చదివినవాళ్లకి అర్థమవుతుంది. మాలో బొమ్మలు వేసేవాళ్లకైతే చదవకుండానే తెలియాలి. తెలుసు కూడా. కాన్వాసు ముందు తెలుస్తుంది, తమ ముందు మర్చిపోతారు.

అందుకని మాలో బుద్ధిమంతులు బట్టని గుమ్మం బయటికి తీసుకెళ్లి పగటి వెలుగులో ఒకసారి, మళ్లీ లోపల ఫోను లైటులో ఒకసారి చూస్తారు. వేదిక మీదికైతే దీపాలవాళ్లని ముందే అడగడం ఉత్తమం. ఎర్ర దీపం కింద ఆకుపచ్చ బట్ట మసిబొగ్గు. నీలం దీపం కింద నారింజ మట్టి. మఖమల్ కోయించేటప్పుడు ఒకే మాట: ముక్కలన్నిటికీ నూగు ఒకే దిక్కుకి ఉండాలి. పైకి నూగున్న ముక్క ముదురుగా, కిందికి నూగున్నది లేతగా కనిపిస్తుంది. బట్ట కలిసొస్తుందని ఒక ముక్కని తలకిందులుగా కోస్తే, వేదిక మీద ఒకే గౌను రెండు గౌన్లుగా కనపడుతుంది.

కెమెరా ముందు పని చేసేవాళ్ల గోడు వేరే. తమలో ఎంతో హుందాగా కనిపించిన సన్నగీతల చొక్కా, సన్న గళ్ల కోటు కెమెరాలో పాకుతున్నట్టు అలలు అలలుగా కదులుతాయి. గీతల వరసా సెన్సారులోని చుక్కల వరసా ఒకదాని మీదొకటి పడి పుట్టే వింత అది, మోయిరే అంటారు. గీతల మధ్య దూరం వేలెడు ఉంటే బాధ లేదు. తమ పక్కన నిలబడి ఫోనులో పది సెకన్లు వీడియో తీసుకుని, రెండడుగులు వెనక్కీ ముందుకీ జరిగి చూసుకుంటే చాలావరకు అక్కడే బయటపడుతుంది. ఫోను ఆ పని చేస్తుంటే తమరు మొహం మాడ్చుకోవద్దు.

తమరు చూపించలేనిది ఇంకోటుంది, చప్పుడు. టాఫెటా బట్ట మడతపడిన ప్రతిసారీ ఎండుటాకుల మీద నడిచినట్టు గరగరలాడుతుంది. కాలరు మైకు గడ్డానికి జానెడు కిందుగా పెడతారు. అక్కడ ఆ బట్టే ఉంటే పాటకంటే ముందు గౌను పాడుతుంది. మైకు గుచ్చడానికి గుండీల పట్టీ ఉండాలి. దాని బెల్టు పెట్టె తగిలించడానికి నడుము దగ్గర గట్టి పట్టీ ఉండాలి. వీపంతా జారుడు బట్టైతే పెట్టె మూడో పాటకి తుంటి మీద ఉంటుంది. లోపలివైపు చిన్న జేబు ఒకటి కుట్టించుకుంటే పోయేదానికి ఎవరూ అడగరు. తెర వెనక గబగబా బట్టలు మార్చాల్సినవాళ్లు వెల్క్రో పెట్టించుకుంటారు. అది ఊడదీసే చప్పుడు ఆఖరి వరసదాకా వినపడుతుంది. ప్రెస్ బటన్లే నయం. వాయిద్యాలవాళ్ల మెడ మీది చెమ్కీల గురించి, గిటారు వీపు మీద గీతలు పెట్టే బెల్టు బకిల్ గురించి ఎక్కువ రాయం. ఆ గీతలు చూసినవాళ్లకి అర్థమవుతుంది.

తమకి ఇంకో సుఖముంది. మొదటి ఉతుకు తర్వాత ఆ బట్ట ఎలా ఉందో తమరు చూడనక్కర్లేదు. పైన నూలు బట్ట, లోపల పాలిస్టరు లైనింగు. నూలు నూటికి మూడు నాలుగు వంతులు కుదించుకుంటుంది, పాలిస్టరు కదలదు. 50 అంగుళాల గౌనులో ఆ తేడా రెండు అంగుళాలదాకా వచ్చి, లైనింగు కింది నుంచి నాలుక బయటపెట్టినట్టు వేలాడుతుంది. కత్తెర పెట్టకముందే బట్టని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కోయాలి. విస్కోసు రేయాన్ తడిస్తే బలం సగానికి సగం పడిపోతుంది. చెమటతో నానిన రేయాన్ జాకెట్టు బిగుతుగా ఉంటే కుట్టు దగ్గరే చిరుగుతుంది. నూలు అలా కాదు, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. చెమట పట్టే ఒళ్లకి లేత బూడిద రంగు శత్రువు. తమ ముందు ఎవరికీ చెమట పట్టదు, అక్కడ ఏసీ ఉంది. నాటకాలవాళ్లు ఉతకడానికి వీల్లేని దుస్తుల మీద వోడ్కా నీళ్లు చల్లి వాసన పోగొడతారు. సారా ఆవిరవుతూ కంపుని చంపుతుంది. లోపలి కుట్టు మీద ఒక చుక్క వేసి రంగు దిగదని చూసుకున్నాకే చల్లాలి. మిగిలినది ఎవరు చల్లుకుంటారన్నది వేరే సంగతి.

బొమ్మలు వేసేవాళ్ల గురించి ఒక్క పేరా. వాళ్లు బొటిక్‌లో కొన్న చొక్కాని ప్రదర్శన ప్రారంభానికని దాస్తారు. ప్రారంభానికి గంట ముందు, ఆ మూల ఒక్క గీత గీసేస్తే అయిపోతుందని వేసుకున్న చొక్కాతోనే కుంచె పడతారు. అక్రిలిక్ తడిగా ఉన్నంతసేపూ చన్నీళ్లకీ సబ్బుకీ లొంగుతుంది, ఆరితే ప్లాస్టిక్. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో నెమ్మదిగా తుడవాలి. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌తో మాత్రం వద్దు. లైనింగు అసిటేట్‌దైతే మరకతోపాటు లైనింగూ కరిగిపోతుంది.

ఇక తమ ముందు రోజూ వినిపించే ఒక మాట. ఆరు నెలల నుంచి ఎవరూ తాకని కోటొకటి ఆ మూల వేలాడుతూ ఉంటుంది. ఒక చేతికి ఒక రంగు, ఇంకో చేతికి ఇంకో రంగు, భుజం మీద ఎందుకుందో తెలియని రెక్క. మాలో ఒకరు లోపలికి అడుగు పెట్టగానే బొటిక్ మేడమ్ దాన్ని దించి, "ఇది అందరికీ నప్పదండీ, మీలాంటివాళ్లకే" అంటారు. ఆ మాటకి పడిపోని కళాకారుడు ఇంకా పుట్టలేదు. ఆ పూట తమరు కూడా కాస్త వాలి సహకరిస్తారు.

ఇన్ని చెప్పినా మళ్లీ మళ్లీ అక్కడికే ఎందుకొస్తాం? దానికి కారణం లోపలుంది, తమకి కనపడని చోట. పక్క కుట్టు లోపల మాస్టారు అంగుళం గుడ్డ వదిలి కుడతారు. రెడీమేడ్ బట్టలో ఆ చోట అర అంగుళం కూడా ఉండదు. ఓవర్‌లాక్ మెషీను మిగతాదంతా కోసి పారేస్తుంది. రెండు పక్కలా రెండు కుట్లు, నాలుగు అంచులు. ఒక్కో అంచు నుంచి అర అంగుళం విప్పితే నడుముకి రెండంగుళాలు వచ్చేస్తాయి. అంటే ఒక పండగ సీజను, లేదా పని లేని ఒక ఏడాది, ఆ కుట్టులో దాగిపోతుంది. వీపు మధ్య కుట్టులోనూ వదిలితే ఇంకో అంగుళం. కానీ ఈ మాట కత్తెర పడకముందే చెప్పుకోవాలి, తర్వాత చెప్పి లాభం లేదు. పట్టులో, మఖమల్‌లో ముందే సరిగ్గా బిగించుకోవాలి. పట్టు విప్పితే పాత సూది రంధ్రాలు చుక్కల వరసలా మిగిలిపోతాయి, మఖమల్ విప్పితే పాత కుట్టు గీత అచ్చుపడి ఉంటుంది.

అందుకే మా విన్నపాలు రెండే. తమ ముందు వీపు ఆనని స్టూలొకటి వేయించండి, కూర్చుని లేచి చూసుకుంటాం. ఆ పసుపు బల్బుల పక్కన పగటి వెలుగుకి దగ్గరగా ఉండే 5600 కెల్విన్ దీపమొకటి, సీఆర్‌ఐ (రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించే గుణానికి నూటికి వేసే మార్కు) 90 దాటినది, విడిగా స్విచ్చితో పెట్టించండి. మీ పసుపు దీపాలు తీయొద్దు. అవి ఆర్పుకోవాలో వద్దో మేం చూసుకుంటాం.

ఇట్లు,
తమ ముందు ఊపిరి బిగబట్టి నిలబడే విధేయులు

తా.క. శుక్రవారం వస్తున్నాం. ఆ రెండు రంగుల చేతుల కోటు ఎవరికీ ఇవ్వొద్దని మేడమ్‌తో చెప్పండి. మాస్టారిని ఛాతీ, వీపు, తుంటి మళ్లీ కొలవమనండి. నడుము మాత్రం పుస్తకంలో ఉన్నదే ఉంచమనండి.